మబ్బు పక్కన ట్రైక్: వినకూడని సలహాలు

ట్రైక్ నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లకి సలహాలకు కొదవ ఉండదు. హ్యాంగర్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన ఒకటి చెబుతాడు, పక్క హ్యాంగర్ మిత్రుడు ఇంకొకటి. వాటిలో మంచివీ ఉంటాయి. కానీ మబ్బుల గురించీ, పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఉండే నియంత్రిత గగనతలం గురించీ వినిపించే మాటల్లో కొన్ని ప్రాణం తీసేవి. అవి ధీమాగా చెబుతారు కాబట్టి నమ్మబుద్ధవుతుంది. ఇక్కడ డాలస్, ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల ఎగిరే మన తెలుగువాళ్లని మనసులో పెట్టుకుని, అలాంటివి కొన్ని రాస్తున్నాను. ఏ సలహా ఎందుకు తప్పో తెలిస్తే ఆ క్షణంలో కాదనడం తేలిక.

తెలియనివారి కోసం ముందు యంత్రం సంగతి. మూడు చక్రాల చిన్న బండి, వెనక ఇంజను, ప్రొపెల్లరు, పైన గుడ్డ రెక్క. తోక లేదు, రడ్డర్ లేదు. చేతిలోని బార్‌ని లాగి, నెట్టి, పక్కకి జరిపి మన బరువుతోనే దాన్ని నడుపుతాం. అమెరికాలో 1982 నుంచి ఉన్న పార్ట్ 103 నిబంధన ప్రకారం ఒకే సీటు, 254 పౌండ్ల లోపు ఖాళీ బరువు, 5 గ్యాలన్లకు మించని ఇంధనం, 55 నాట్లకు మించని వేగం ఉన్నదానికి పైలట్ లైసెన్సు, వైద్య పరీక్ష, రిజిస్ట్రేషన్ ఏవీ అక్కర్లేదు. ఇంత స్వేచ్ఛ ప్రపంచంలో చాలా కొద్ది చోట్ల ఉంది. ఇది పోకూడదనే నా తాపత్రయం.

“మబ్బుకి ఎంత దూరం అన్నది పెద్ద విమానాల గొడవ, మనకెందుకు?”

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది ఇదే. అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. మబ్బులోకి దూరకపోతే చాలు, దాని అంచున ఎంత దగ్గరగా తిరిగినా ఫరవాలేదని దీని అర్థం. డాలస్ చుట్టూ మనం ఎక్కువగా ఎగిరేది క్లాస్ ఇ గగనతలంలో. 10,000 అడుగుల లోపు అక్కడ మనకున్న నిబంధన ఇది: కనీసం మూడు మైళ్ల దూరం కనిపించాలి, మబ్బుకి 500 అడుగులు కింద గానీ, 1,000 అడుగులు పైన గానీ, పక్కన అయితే 2,000 అడుగుల దూరంలో గానీ ఉండాలి.

ఈ దూరం మన కోసం పెట్టింది అనుకుంటారు చాలామంది. మబ్బులోంచి బయటికి వచ్చే విమానం కోసం కూడా పెట్టింది అది. లోపల ఒక జెట్ ఉండొచ్చు. దాని పైలట్లు గేజీలు చూసుకుంటూ, కంట్రోలర్ మాట వింటూ దిగుతుంటారు. అద్దంలోంచి వాళ్లకి కనిపించేది తెల్లదనం తప్ప ఇంకేమీ కాదు. మబ్బు గోడ దాటి వెలుగులోకి వచ్చిన క్షణానే వాళ్లు మొదటిసారి బయటికి చూడగలరు. అప్పుడు మనం ఎంత దూరంలో ఉంటే వాళ్లకి అంత సమయం.

లెక్క వేయండి. 10,000 అడుగుల కింద జెట్లకి వేగ పరిమితి 250 నాట్లు, అంటే సెకనుకి దాదాపు 129 మీటర్లు. 2,000 అడుగులంటే 610 మీటర్లు. మబ్బు అంచు నుంచి మన దాకా రావడానికి దానికి ఐదు సెకన్లు కూడా పట్టదు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి, అది విమానమని గుర్తించి, ఢీకొంటామని గ్రహించి, ఏం చేయాలో నిర్ణయించి, చేతులు కదిపి, విమానం తిరగడం మొదలయ్యేసరికి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఎన్నో ఏళ్లుగా పైలట్లకి చెబుతున్న లెక్క. చట్టం అడిగిన దూరం పాటించినా సమయం చాలడం లేదన్నమాట. అలాంటిది సగం దూరంలో, పావు దూరంలో తిరుగుదామనే మనిషిని ఏమనాలి? నేను మాత్రం పక్కన ఒక మైలు వదులుతాను. అందంగా కనిపించే తెల్లటి అంచు ఒక మైలు దూరం నుంచి కూడా అందంగానే ఉంటుంది.

క్లాస్ బి, అంటే పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఉండే నియంత్రిత గగనతలం. దాని లోపల ఎగిరే విమానాలకి మబ్బు తగలకుండా ఉంటే చాలు, 500, 1,000 లెక్కలు లేవు. అది చూపించి “పెద్ద విమానాశ్రయం దగ్గరే అంత సడలింపు ఉంటే బయట మనకి ఇంత కచ్చితమెందుకు” అని వాదించేవాళ్లున్నారు. లోపల ప్రతి విమానాన్నీ మిగతా విమానాల నుంచి కంట్రోలర్ విడదీస్తాడు కాబట్టి ఆ సడలింపు. బయట మనల్ని విడదీసేవాడు ఎవడూ లేడు. ఆ పని దూరం చేయాలి.

“500 అడుగులు కంటితో చూసి చెప్పేయొచ్చు.”

చెప్పలేరు. మబ్బుకి కొలమానం లేదు. దాని అడుగున ఉన్నప్పుడు 200 అడుగులకీ 500 అడుగులకీ తేడా కంటికి తెలియదు. పైకి వెళ్లి, పొగమంచులాంటి తడి మొహానికి తగిలితే దిగడం అనే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని పాటించేవాడు ప్రతిసారీ నిబంధన దాటాకే కిందికి దిగుతున్నాడు.

బయల్దేరేముందు నేలమీదే లెక్క కట్టండి. దగ్గర్లోని విమానాశ్రయం వాతావరణ నివేదికలో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ రెండూ సెల్సియస్‌లో ఉంటాయి. మధ్యాహ్నం పుట్టే గుండ్రటి పత్తి మబ్బులకి ఆ రెంటి తేడాని 400తో గుణిస్తే మబ్బు అడుగుభాగం ఎన్ని అడుగుల ఎత్తులో ఉంటుందో ఉజ్జాయింపుగా వస్తుంది. ఉష్ణోగ్రత 30, డ్యూ పాయింట్ 22 అనుకోండి. తేడా 8, మబ్బు అడుగు నేలనుంచి 3,200 అడుగులు. డాలస్ ప్రాంతం సముద్ర మట్టానికి సుమారు 600 అడుగుల ఎత్తు, కాబట్టి ఆల్టిమీటర్ మీద అది 3,800. 500 తీసేస్తే మన పైకప్పు 3,300. ఇది ఉజ్జాయింపు కాబట్టి నేను ఇంకో 500 తీసేస్తాను. అదే పొద్దున ఎనిమిదింటికి ఉష్ణోగ్రత 26 మాత్రమే ఉంటే? మబ్బు అడుగు 1,600. మనకి మిగిలేది నేలనుంచి 1,100 అడుగులు. ఆ ఎత్తులో ఇంజను ఆగితే ట్రైక్ ఎక్కువ దూరం జారలేదు. కింద ఇళ్లుంటే దిగేచోటు దొరకదు. అసలు జనసమ్మర్దం మీద ఎగరడమే మనకి నిషేధం. అలాంటి పొద్దున రెండు గంటలు ఆగండి, మబ్బు తనంతట తనే పైకి లేస్తుంది.

పక్క దూరానికి ఒక ఉపాయం ఉంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు మబ్బు నీడ దాదాపు దాని కిందే పడుతుంది. మీకు తెలిసిన 2,000 అడుగుల రన్‌వే ఒకటి పైనుంచి ఎలా కనిపిస్తుందో కంటికి అలవాటు చేసుకుని, నీడ అంచుకీ మీరున్న చోటికీ మధ్య అలాంటివి రెండు పడతాయో లేదో చూసుకోవచ్చు. పొద్దుటి, సాయంత్రపు ఏటవాలు ఎండలో ఇది పనికిరాదు.

“లోపలికి పోయినా బార్ వదిలేస్తే రెక్క తనే ఎగురుతుంది.”

ఇందులో కాస్త నిజం ఉంది కాబట్టే నమ్ముతారు. నిశ్చలమైన గాలిలో ట్రైక్ ముక్కు ఎత్తు విషయంలో తనంతట తనే కుదురుకుంటుంది. పక్కకి వాలడం విషయంలో అలాంటి హామీ లేదు. పైగా మబ్బు లోపల గాలి నిశ్చలంగా ఉండదు. చిన్న ఒరుగు మెల్లగా పెద్దదవుతుంది, వేగం పెరుగుతుంది, చెవిలోని సమతుల్యపు ద్రవం మాత్రం అంతా సరిగానే ఉందని చెబుతుంటుంది.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. గేజీలు మాత్రమే చూసి నడపడంలో శిక్షణ లేని 20 మందిని బొనాంజా విమానంలో కూర్చోబెట్టి, బయట ఏమీ కనిపించని స్థితి కల్పించారు. 20 మందీ అదుపు తప్పారు. 19 మంది సుడి తిరుగుతూ కిందికి జారే స్థితికి వెళ్లారు, ఒకరు ముక్కు పైకెత్తి స్టాల్ అయ్యే స్థితికి. సగటున పట్టిన సమయం 178 సెకన్లు, అతి తక్కువ 20 సెకన్లు. పక్కనున్న శిక్షకుడు ప్రతిసారీ విమానాన్ని తిరిగి దారిలో పెట్టాడు. వాళ్ల ముందు కొన్ని గేజీలైనా ఉన్నాయి. మన ట్రైక్‌లో సాధారణంగా వేగం, ఎత్తు, ఇంజను వివరాలు తప్ప వాలు చూపించే పరికరమే ఉండదు. ఆ ఒక్క మనిషి వెళ్లిన ముక్కు ఎత్తే స్థితి ట్రైక్‌కి మరీ ఘోరం. తోక లేని రెక్క అక్కడినుంచి ముందుకి పల్టీ కొట్టగలదు. ఆ పల్టీ మొదలైతే తిరిగి నిలబెట్టుకోవడం ఉండదు, రెక్క గొట్టాలు విరుగుతాయి.

ఫోన్‌లో కృత్రిమ దిగంతం చూపించే యాప్ ఉందిగా అంటారు. దాన్ని నమ్మి మబ్బు దగ్గరికి వెళ్లకండి. రెండు స్ట్రోకుల ఇంజను అదురుకి, మలుపులోని బలాలకి ఫోన్ లోపలి సెన్సర్లు తప్పుదోవ పడతాయి. మలుపు ఎక్కువసేపు సాగితే అది వాలినదాన్ని తిన్నగా ఉన్నట్టు చూపించగలదు.

ఇంజను తగ్గిస్తే దిగిపోతాంలే అన్నది దీనికి తోబుట్టువు లాంటి మాట. ఎదిగే మబ్బు కింద గాలి విశాలంగా పైకి లేస్తుంటుంది. ఇంజను పూర్తిగా తగ్గించినా మనం దిగే వేగం కన్నా అది లేపే వేగం ఎక్కువైతే మనం పైకే పోతాం. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మనిల్లా దగ్గర ఎవా విష్నియెర్స్కా అనే పారాగ్లైడర్ పైలట్‌ని ఉరుముల మబ్బు 9,946 మీటర్ల ఎత్తుకి లాక్కుపోయింది. ఆమె స్పృహ తప్పి, మంచు గడ్డకట్టి, ఎలాగో బతికి బయటపడింది. అదే రోజు అక్కడ అదే పరిస్థితిలో చిక్కుకున్న ఇంకో పైలట్ బతకలేదు. ఇద్దరూ కొత్తవాళ్లు కారు. మబ్బు అడుగు నల్లబడుతుంటే, బార్ కదపకుండానే ఆల్టిమీటర్ పెరుగుతుంటే, నీలాకాశం ఎటు దగ్గరో అటు పక్కకి వెళ్లిపోండి. అక్కడే గుండ్రంగా తిరుగుతూ దిగాలని చూడకండి.

“సందు కనిపిస్తోంది, పైకెళ్లి మబ్బుల మీద తేలదాం.”

నేల కంటికి కనిపిస్తూ ఉండాలన్నది మనకి చట్టం. ఆ సందు పూడుకుపోతే ఇంతకుముందు చెప్పిన 178 సెకన్ల లెక్క మొదలవుతుంది. దీని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

“అంచె 3,000 అంటే 2,950 దాకా మనదే.”

డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం (డీఎఫ్‌డబ్ల్యూ) క్లాస్ బి గగనతలాన్ని ఊహించుకోవాలంటే మన గాలిగోపురాన్ని తలకిందులుగా నిలబెట్టండి. సన్నటి కొస నేలమీద, విమానాశ్రయం చుట్టూ. పైకి పోయేకొద్దీ అంతస్తు అంతస్తుకీ వెడల్పు. శిఖరం ఉండాల్సినచోట 11,000 అడుగుల ఎత్తున వెడల్పాటి చదును. చార్టు మీద ముదురు నీలి గీత, లోపల 110 అంకె పైన, 30 అంకె కింద ఉంటే, అక్కడ ఆ అంతస్తు, అంటే అంచె, 3,000 అడుగుల్లో మొదలై 11,000 దాకా ఉందని అర్థం. దాని కింద మనం ఎవరినీ అడగకుండా ఎగరొచ్చు. లోపలికి వెళ్లాలంటే ముందుగా కంట్రోలర్ అనుమతి కావాలి.

అంచెకి 50 అడుగుల కింద ఎగిరితే చట్టప్రకారం తప్పు లేదు. కానీ అక్కడ మూడు విషయాలు మన మీద పగబట్టి ఉంటాయి. ఒకటి ఆల్టిమీటర్. పీడనం అంగుళంలో పదోవంతు తప్పుగా పెట్టుకుంటే ఎత్తు దాదాపు 100 అడుగులు తప్పు చూపిస్తుంది. ఎగిరాక గంటకి పీడనం మారినా అంతే. రెండు, వేడిగాలి. టెక్సాస్ మధ్యాహ్నాల్లో ఒక్క థర్మల్ తగిలితే తేలికపాటి ట్రైక్ పది సెకన్లలో 50 అడుగులు లేవడం మామూలే.

మూడోది ఎక్కువమందికి తట్టదు. ఆ అంచె కింద మన ఒక్కరమే లేం. శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు, అనుమతి తీసుకునే తీరికలేని సెస్నాలు అన్నీ అదే చార్టు చూసి, అదే 3,000 అంకె చదివి, అందరూ దానికి కొంచెం కిందే ఎగురుతారు. పైన మబ్బు కూడా ఉంటే ఆ పొర ఇంకా పలచనవుతుంది. అంత రద్దీలో మనం 45 నాట్లతో పోతుంటే వెనకనుంచి 120 నాట్లతో వచ్చేవాడికి మనం దాదాపు ఆగి ఉన్నట్టే. మనకి వెనక కనిపించదు, రెక్క మూలాన పైన కూడా కనిపించదు. అందరూ 2,900 దగ్గర ఉంటారు కాబట్టి నేను 2,200 దగ్గరో ఇంకా కిందో ఉంటాను. పైనుంచి పోయే జెట్ల రెక్కల కొసల సుడిగాలి కూడా కిందికే దిగుతుంది. కొన్ని వందల అడుగులు దిగాక గానీ అది బలహీనపడదు. ఆ సుడి బరువైన సెస్నాని తల్లకిందులు చేయగలిగినప్పుడు మన గుడ్డ రెక్క సంగతి చెప్పేదేముంది?

“జెట్‌కి యంత్రం ఉంది, అది మనల్ని తప్పించుకుపోతుంది.”

1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలెస్ దగ్గర సెరిటోస్ పట్టణం మీద ఆకాశం నిర్మలంగా ఉంది. ఒక చిన్న పైపర్ విమానం అనుమతి లేకుండా నియంత్రిత గగనతలంలోకి ప్రవేశించింది, పొరపాటునే. రాడార్‌కి జవాబిచ్చే దాని పరికరం, ట్రాన్స్‌పాండర్, ఎత్తు తెలిపే రకం కాదు. దిగుతున్న ఏరోమెక్సికో డీసీ-9కి అది తగిలింది. కంట్రోలర్ దాన్ని గమనించలేదు. రెండు విమానాల్లోనూ ఎవరూ తప్పించుకునే ప్రయత్నం చేసిన ఆనవాలు లేదు. డీసీ-9లో 64 మంది, పైపర్‌లో ముగ్గురు, కింద ఇళ్లలో 15 మంది, మొత్తం 82 మంది చనిపోయారు. ఆ తర్వాతి ఏడాది అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ప్రయాణికుల జెట్లలో ఢీకొనే ముప్పుని పసిగట్టి హెచ్చరించే టీకాస్ అనే యంత్రం పెట్టించింది.

టీకాస్ నిజంగా గొప్ప యంత్రం. కానీ అది ఎదుటి విమానం ట్రాన్స్‌పాండర్ ఇచ్చే జవాబు విని పనిచేస్తుంది. పార్ట్ 103 ట్రైక్‌కి ట్రాన్స్‌పాండర్ తప్పనిసరి కాదు. డీఎఫ్‌డబ్ల్యూ చుట్టూ 30 నాటికల్ మైళ్ల వలయంలో మిగతా విమానాలకి వర్తించే నిబంధన కూడా మనకి వర్తించదు. జవాబివ్వనివాడు టీకాస్‌కి లేనట్టే. రాడార్ మాటకొస్తే, గుడ్డా సన్నటి గొట్టాలూ ఇచ్చే ప్రతిధ్వని బలహీనం, మన వేగం తక్కువ. కంట్రోలర్ తెర మీద మనం కనిపించకపోవచ్చు. 

ఇక కన్ను. ట్రైక్ రెక్క వెడల్పు సుమారు పది మీటర్లు. 250 నాట్లతో వచ్చే జెట్‌కి ఎదురుగా మనం ఉంటే, ఇందాక చెప్పిన 12.5 సెకన్లు దొరకాలంటే పైలట్ మనల్ని రెండు కిలోమీటర్ల దూరంలోనే చూడాలి. అంత దూరాన మన రెక్క చందమామ వెడల్పులో సగం కన్నా కాస్త ఎక్కువ ఉన్న ఒక సన్నటి గీత. ఢీకొనే దారిలో ఉన్నది అద్దంలో పక్కకి కదలదు కూడా, ఒకేచోట నిలబడి పెద్దదవుతుంది. కదలనిదాన్ని కన్ను పట్టుకోలేదు. చట్టం కూడా అందరికీ దారి ఇవ్వాల్సిన బాధ్యత మన మీదే పెట్టింది.

అందుకే విమానాలు తామెక్కడున్నాయో చెబుతూ పంపే ఏడీఎస్-బి సంకేతాలు పట్టే చిన్న పరికరం ఒకటి కొని టాబ్లెట్‌కి కలపండి. తెర మీద చుక్క కనిపిస్తే అక్కడ విమానం ఉన్నట్టు. కనిపించకపోతే ఏమీ లేనట్టు కాదు, మనలాంటివాళ్లు ఇంకా ఉంటారు.

“టవర్‌కి ఫోన్ చేస్తే లేనిపోని తలనొప్పి, గప్‌చుప్‌గా పక్కనుంచి పోదాం.”

మనవాళ్లలో ఈ సలహా వెనక ఒక బిడియం ఉంటుంది. రేడియోలో ఇంగ్లీషు గబగబా వస్తుంది, మన యాస వాళ్లకి అర్థమవుతుందో లేదో, అందరూ వింటారు. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషులో వాదించగలిగే మనిషి కూడా మైకు నొక్కగానే తడబడటం నేను చూశాను. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు, సాధనతో పోతుంది. తొడకి కట్టుకునే కాగితం మీద ఐదు విషయాలు రాసుకోండి: ఎవరిని పిలుస్తున్నారు, మీరెవరు, ఎక్కడున్నారు, ఎంత ఎత్తు, ఏం చేయాలనుకుంటున్నారు. ఇంట్లో గట్టిగా చదవండి. మొదటి మాటల్లోనే అల్ట్రాలైట్ అని చెప్పండి, మీ వేగం గురించి వాళ్లకి అంచనా వస్తుంది. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. చిన్న టవర్ల పరిధికి ఆనుకుని ఎగరాల్సి వస్తే బయల్దేరేముందే ఫోన్ చేసి చెప్పడం ఇంకా మేలు. వాళ్లు కుదరదంటే ఆ రోజుకి వేరే దారి చూసుకోండి. కుదరదన్న మాట వినడానికి ఫోన్ చేయడంలో నష్టమేమీ లేదు.

“గీత దాటావా? ఎవరికీ చెప్పకు” అనేది దీని కొనసాగింపు. నాసా నడిపే ఏఎస్ఆర్ఎస్ అనే వ్యవస్థ 1976 నుంచీ ఉన్నది ఇలాంటివి రాయడానికే. జరిగింది రాసి పంపితే పేరు తీసేసి భద్రపరుస్తారు, ఒకే చోట పదిమంది గీత దాటుతుంటే చార్టులోనో గుర్తుల్లోనో లోపం ఉందని తెలుస్తుంది. దాచినందువల్ల రేపు అక్కడే ఇంకొకరు దాటుతారు.

“అమ్మానాన్న వచ్చారు కదా, మబ్బు పక్కన ఒక ఫోటో తీసివ్వు.”

వేసవిలో ఇండియా నుంచి తల్లిదండ్రులు వస్తారు, కొడుకు ఎగరడం చూడాలనీ ఒక్కసారి ఎక్కాలనీ సరదా పడతారు. ఆ సరదా తీర్చాలని నాకూ ఉంటుంది. ముందుగా తెలుసుకోవాల్సింది, పార్ట్ 103 ట్రైక్‌లో రెండో మనిషి కూర్చోకూడదు. రెండు సీట్ల ట్రైక్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి, నడిపేవారికి పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అది ఉన్నవాళ్లకే ఈ మాట. మబ్బు పక్కకి తీసుకెళ్లకండి. అమ్మకి బార్ అంటే తెలియదు, గాలి కుదిపితే ముందు మనిషిని గట్టిగా పట్టుకుంటుంది, బరువుతో నడిచే యంత్రంలో అది మన చేతుల్ని కట్టేసినట్టే. సూర్యోదయం తర్వాత మొదటి గంటలో, మబ్బు పుట్టకముందు, ఊరికి దూరంగా, క్లాస్ బి అంచెలు లేని వైపు ఎగరండి. చెరువుల మీద వెలుగు, పచ్చిక బయళ్లలో ఆవులు, మలుపులు తిరిగే వాగు, ఇవి నాన్న కంటికి మబ్బుకన్నా ఎక్కువ ఆనందం ఇస్తాయి. ఫోన్ మాత్రం చేతికిచ్చేముందు గట్టి తాడుతో జాకెట్‌కి కట్టండి. ప్రొపెల్లరు వాళ్ల వీపు వెనకే ఉంటుంది, జారిన ఫోన్ తిన్నగా దానిలోకే పోతుంది. చున్నీ, మెడలో వేలాడే గొలుసు, తలమీద టోపీ, వదులు శాలువా ఏవైనా కిందే తీయించండి. జేబుల జిప్పులు మీరే స్వయంగా వేయండి.